సున్నా ఎర్రర్లు, సున్నా వార్నింగులు

మా మేనత్తను ఆఫీసులో అందరూ సున్నాలమ్మ అనేవాళ్లు. చాటుగా అనుకునే పేరు కాదు, ముఖం మీదే పిలిచేవాళ్లు, ఆవిడా మురిసిపోయేది. ఆవిడ చేతి మీదుగా పోయే ప్రోగ్రాము ఏదైనా సరే, చివర్లో తెర మీద రెండు సున్నాలు కనబడాల్సిందే. ఎర్రర్లు సున్నా, వార్నింగులు సున్నా. అవి కళ్లారా చూసుకున్నాకే టిఫిన్ డబ్బా మూత తీసేది. చిన్నప్పుడు నా లెక్కల మార్కులు చూసి, "సున్నాలు నాకొక్కదానికే అచ్చొచ్చాయనుకున్నానే, నీకూ వచ్చాయా?" అని పకపకా నవ్వింది. అప్పట్లో నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా నాన్న బతుకంతా ఆ రెండు సున్నాల కింద పడి నలిగిపోయింది మరి.

నేను బస్ స్టేషన్లో టికెట్ల కిటికీ వెనకాల కూర్చునే మనిషిని. ప్రోగ్రాముల సంగతి అత్త చెప్పగా తెలిసినంతే తెలుసు. మనిషి రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది, దాన్ని కంపైలర్ అంటారు. రాసినదాంట్లో తప్పుంటే అది ఎర్రర్ చూపిస్తుంది. అంటే "నా వల్ల కాదు, సరిచేసి పట్రా" అని మొరాయించడం. అనుమానం ఉంటే వార్నింగ్ ఇస్తుంది. అంటే "చెప్పావు కాబట్టి చేస్తున్నా, తర్వాత నన్ననకు" అని చేతులు దులుపుకోవడం. మా అమ్మ నాన్నతో మాట్లాడేదంతా రెండో రకమేనని అత్త అనేది.

అత్త పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకొకటి నెత్తి మీద, మూడోది ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటూ ఉంటుంది. పెళ్లి ఎందుకు చేసుకోలేదత్తా అంటే, "చూడ్డానికి వచ్చిన ప్రతివాడిలోనూ ఏదో ఒక వార్నింగ్ కనబడిందే" అనేది. తాతయ్య వాళ్ల చిన్నప్పుడే పోతే నాన్న చదువు ఆపేసి లేత్ మిషన్ దగ్గర పనికి చేరాడు, అత్త చదువు ఆగలేదు. అది ఆవిడ ఎప్పుడూ మరిచిపోలేదు. చదువైపోగానే చేరిన కంపెనీలోనే జుట్టు నెరిసేదాకా ఉండిపోయింది. రేకులు వంచే పెద్ద ప్రెస్సులు ఉంటాయి కదా, వాటి పక్కన గోడకు బిగించే కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తారు అక్కడ. ఆ పెట్టె లోపలి ప్రోగ్రాములో సగానికి పైగా అత్త రాసిందే.

ఆ పెట్టెల్లో ఒకటి నాన్న పనిచేసే బీరువాల ఫ్యాక్టరీకి వెళ్లింది. నాన్నకు ఆ ప్రెస్సు మీద ఆపరేటర్ పని. ఇక ఆయన గొప్పలు చూడాలి. వచ్చినవాడికల్లా ఆ పెట్టె మీద చరిచి చూపించి, "ఇది మా చెల్లెలు ఆడమన్నట్టు ఆడుతుంది" అనేవాడట. ప్రెస్సులో రేకులు పెట్టి తీసే మనిషి ఒకాయన ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవాళ్లు. ఆ బావ ఇద్దరు పిల్లలూ, నేనూ ఒకే బడిలో చదివాం.

ప్రెస్సును రెండు రకాలుగా నడపొచ్చు. కాలితో పెడల్ నొక్కి అయినా, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కి అయినా. ఏది కావాలో గోడ మీది పెట్టెకున్న నాబ్ తిప్పి ఎంచుకోవాలి. ఆ రోజు పెడల్ పని అయిపోయింది. తర్వాతి పనికి నాన్న నాబ్ తిప్పుతున్నాడు. లోపల ఇరుక్కున్న రేకు ముక్కను తీద్దామని బావ చెయ్యి పెట్టాడు. ప్రెస్సు దిగింది. బావ కుడిచేతికి బొటనవేలు, దాని పక్క వేలు మిగిలాయి.

"నేను నొక్కలేదు" అన్నాడు నాన్న. ఫ్యాక్టరీ వాళ్లు నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశారు. నొక్కకుండా యంత్రం దానంతటది దిగుతుందా, నొక్కాకే నాబ్ దగ్గరికి వెళ్లుంటావు అన్నారు. ఉన్నవి రెండే దారులు. నొక్కితే నాన్నది తప్పు, నొక్కకపోతే పెట్టెది తప్పు. పెట్టె సంగతి తేల్చమని అత్త కంపెనీకి కబురు పెట్టారు. అక్కడి పెద్దసారు అత్తను పిలిచి, "మీ అన్నయ్య వ్యవహారం కదా, నీకంటే శ్రద్ధగా ఎవరు చూస్తారమ్మా, నువ్వే చూడు" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడట. మంచి మనసులతో మాకు చాలా ఇబ్బందులు వచ్చాయి.

అత్త నిజంగానే శ్రద్ధగా చూసింది. తిండీ నిద్రా మాని ఆ పెట్టె ముందు కూర్చుంది. నాబ్ ఇటు తిప్పింది, అటు తిప్పింది, కరెంటు తీసి ఇచ్చింది. ఒక్కసారి కూడా ప్రెస్సు తనంత తాను దిగలేదు. ప్రోగ్రాము మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా కంపైలర్‌కు మళ్లీ ఇచ్చింది. తెర మీద రెండు సున్నాలు పడ్డాయి. ప్రోగ్రాములో ఏ లోపమూ లేదని రిపోర్టు రాసిచ్చి, ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, పొరపాటు ఎవరివల్లైనా జరుగుతుంది. కాలు తగిలి ఉంటుంది. ఒప్పేసుకో, నిన్నేమీ అనరు."

"నాకు కాలు లేదా, నా కాలు ఎక్కడుందో నాకు తెలీదా?"

"నేను అంతా చూశాను అన్నయ్యా. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు."

"అయితే ఆ కంపైలర్‌నే అన్నయ్యా అని పిలుచుకో" అని నాన్న లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. అత్త చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంటి గడప తొక్కలేదు.

నాన్న ఉద్యోగం పోయింది. మనిషి చెయ్యి నలగ్గొట్టిన ఆపరేటర్‌కు ఇంకో ప్రెస్సు ఎవరిస్తారు? చివరికి ఒక పెద్ద దుకాణం వెనకాల కార్లు నిలిపే చోట చీటీలు చింపే పని దొరికింది. అక్కడా ఎవరో కనిపెట్టి, "చూసి నొక్కు పెద్దాయనా, గేటు మీద పడేను" అని హాస్యమాడేవాళ్లు. నాన్న విననట్టు ఊరుకునేవాడు. ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటే ఆయన కుడికాలు బొటనవేలు నేలను నొక్కుతూ, వదులుతూ ఉండేది. ఆయన దాన్నే చూస్తూ ఉండేవాడు.

ఇంట్లో ఆయన మాట నమ్మింది మా అమ్మ ఒక్కతే. ఆవిడకైనా ఎంతకాలమని ఓపిక? ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నొక్కావో లేదో దేవుడికెరుక, ఇక ఆ మాట నా దగ్గర ఎత్తకు" అంది. అప్పటినుంచి నాన్న మాట మారడం మొదలైంది. నేను పక్కనుండి విన్నాను కాబట్టి చెప్పగలను. ముందు "నొక్కలేదు" అనేవాడు. ఆ తర్వాత "నొక్కినట్టు గుర్తులేదు" అన్నాడు. ఇంకొన్నాళ్లకు "ఏమో, నొక్కానేమో." ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బావ ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోనే నిలబడి, "నేనే నొక్కాను బావా, నన్ను క్షమించు" అన్నాడు. బావ ఆ రెండువేళ్ల చేత్తోనే నాన్నను లోపలికి లాక్కుని కూర్చోబెట్టాడట. ఇద్దరూ ఏడ్చుకున్నారట. నాన్న ఇంటికొచ్చి ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

అప్పటికి బావ వీధి చివర బల్బులు, వైర్లు అమ్మే చిన్న దుకాణం పెట్టుకుని ఉన్నాడు. ఆ దుకాణం షట్టర్ పాతది, తుప్పుపట్టి గట్టిగా ఉంటుంది, రెండు చేతులూ వేసి లాగితే గానీ లేవదు. ఆయన పిల్లలు చెరో ఊళ్లో ఉద్యోగాల్లో ఉన్నారు. మర్నాటి నుంచి పొద్దున నాన్న వెళ్లి షట్టర్ ఎత్తేవాడు, సాయంత్రం వెళ్లి దించేవాడు. జ్వరమొచ్చినా మానలేదు. నేనొకసారి నాన్నకు బాగాలేదని నేనే వెళ్లి ఎత్తి వస్తానంటే, "నువ్వేమైనా నొక్కావా?" అని కసిరాడు.

అత్తతో మాటలు కలిపింది కూడా నాన్నే. తనే ఫోన్ చేసి, "నువ్వన్నదే నిజమమ్మా. కాలు తగిలింది. అనవసరంగా నిన్ను దూరం చేసుకున్నాను" అన్నాడు. అత్త ఫోన్లోనే భోరుమంది. సాయంత్రానికల్లా పెద్ద స్వీట్ల డబ్బా పట్టుకుని దిగింది. "నా అన్నయ్య నాకు దక్కాడు వదినా" అని మా అమ్మను పట్టుకుని నవ్వుతూ ఏడుస్తూ ఏదేదో మాట్లాడింది. ఆ స్వీట్లు అందరం తిన్నాం. అంతా చక్కబడిందనే అనుకున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ కంట్రోల్ పెట్టెలో వాడే చిప్పు తయారీ ఆగిపోయింది. కొత్త చిప్పు కావాలంటే కంపైలర్ కూడా కొత్త వెర్షన్ తెచ్చుకోవాలి. కొత్త కంపైలర్‌కు పాత ప్రోగ్రాము పడదు. పాత ఇంట్లోంచి కొత్త ఫ్లాట్‌కు మారినట్టేనని అత్త చెప్పింది. పాత ఇంట్లో దర్జాగా ఉన్న సోఫా ఇక్కడి తలుపులో పట్టదు, కాళ్లు విప్పి పట్టుకెళ్లి మళ్లీ బిగించుకోవాలి. ఆ పని అత్తకే అప్పజెప్పారు. అది రాసినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. రిటైర్ అయ్యేలోగా చివరి పని ఇదేనని సంబరంగా మొదలుపెట్టింది.

మొదటిరోజు కంపైల్ చేసేసరికి తెర నిండిపోయిందట. ఎర్రర్లు సరే, అవి ఊహించినవే. వార్నింగులు మాత్రం పుట్ట పగిలినట్టు వచ్చి పడ్డాయి. సున్నాలమ్మ ప్రోగ్రాములో వార్నింగులా అని పక్క సీట్లవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. అత్తకు తల తీసేసినట్టయింది. ఇన్నాళ్లూ లేనివి ఇప్పుడెలా వచ్చాయని వెతికింది. కంపైలర్‌కు ఇచ్చే ఆదేశాల్లో, ఎక్కడో అడుగున, వార్నింగులేవీ చూపించవద్దు అనే ఆదేశం ఒకటుంది. పాత కంపైలర్ దాన్ని నెత్తిన పెట్టుకుని పాటించింది. కొత్త వెర్షన్‌లో ఆ ఆదేశాన్ని తీసేశారు, అందుకని అది పట్టించుకోకుండా ఉన్నవన్నీ కక్కేసింది. ఆదేశం పక్కనే ఒక ముక్క రాసి ఉంది. "ఇది తాత్కాలికం, తర్వాత తీసేయాలి." కింద పొడి అక్షరాల్లో అత్త సంతకం.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాసింది. వార్నింగులన్నీ చదువుతూ కూర్చుంటే పెట్టె ఎప్పుడు అమ్ముతామని అప్పటి పెద్దసారు విసుక్కుంటే, ఆ పూటకు కంపైలర్ నోరు మూయిద్దామని పెట్టింది. పెట్టి మర్చిపోయింది. ఈ పని చేసేవాళ్లందరూ చేసే తప్పే ఇది, ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి తాత్కాలికాలు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాయని తర్వాత నాతో అంది. ఆ తర్వాత తన ఉద్యోగమంతా ఆ రెండు సున్నాలను చూసుకుని మురిసిపోయింది. దాని నోట్లో గుడ్డ కుక్కి, అదేమీ మాట్లాడటం లేదు కాబట్టి అంతా బాగుందనుకుంది.

వార్నింగుల్లో చాలావరకు పనికిరానివే. అత్త ఒక్కొక్కటీ చదువుతూ, సరిచేస్తూ వెళ్లింది. అలా వెళ్తూ ఒకదాని దగ్గర ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం నా కిటికీ ముందు పెద్ద వరస ఉంది. నేను తలెత్తకుండా, "ఎక్కడికండీ?" అన్నాను. మళ్లీ, "త్వరగా చెప్పండమ్మా, వెనకాల జనం ఉన్నారు" అన్నాను.

"మీ నాన్న నొక్కలేదే" అంది అత్త.

తలెత్తి చూస్తే, ముక్కు మీద కళ్లజోడు లేదు, నెత్తి మీదా లేదు. అందరితోపాటు వరసలో నిలబడి వచ్చినట్టుంది. వెనకాల ఎవరో "టికెట్ తీసుకుంటారా, సంసారం మాట్లాడుకుంటారా?" అని అరిచారు. పక్క కిటికీ ఆవిడకు నా వరస అప్పగించి, అత్తను లోపలికి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టాను. నీళ్లిస్తే గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

ఆవిడ చెప్పింది ఇది. పెడల్ నొక్కి ఉందా లేదా అన్నది యంత్రం ఒక చోట గుర్తుపెట్టుకుంటుంది. నాబ్ పెడల్ వైపున్నా, బటన్ల వైపున్నా అక్కడ సరైన జవాబే ఉంటుంది. నాబ్ తిరుగుతూ సరిగ్గా మధ్యలో ఉన్న క్షణంలో మాత్రం అక్కడ ఏమీ రాయరు. ముందే "లేదు" అని రాసిపెట్టాల్సింది, రాయలేదు. అద్దె ఇంట్లో ముందున్నవాళ్లు వదిలేసిపోయిన సామానులాగా అక్కడ పాత సంగతేదో మిగిలి ఉంటుంది. ఎప్పుడూ "లేదు" అనే ఉండేది, కాబట్టి ఏమీ కాలేదు. ఆ రోజు అంతకు ముందు పనిలోని "అవును" మిగిలిపోయింది. కొత్త కంపైలర్ ఇచ్చిన వార్నింగ్ సరిగ్గా అదే. ఇక్కడ విలువ పెట్టకుండానే వాడుతున్నారు, చూసుకోండి అని.

"పాతదానికి ఇది తెలీలేదా అత్తా?"

"అదే చూశాను. ఆ ఆదేశం తీసేసి, పాత కంపైలర్‌తో మళ్లీ చేశాను. అదీ అదే చెప్పిందే. అదే లైను, అదే మాట. మీ నాన్న నెత్తీనోరూ కొట్టుకున్న రోజున కూడా అది చెప్పడానికి సిద్ధంగానే ఉంది. నేనే దాని నోరు నొక్కాను."

పాత పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, ఆ చోట "అవును" అని రాసి, నాబ్‌ను మెల్లగా తిప్పి చూసిందట. ప్రెస్సును దించే రిలే, అంటే పెట్టె లోపలి స్విచ్చు, టక్కున పడింది. పెడల్ బల్ల కింద ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు. ఇది చెబుతూ అత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా రోల్డుగోల్డు గాజు వంగింది.

నాకు ఆవిణ్ని ఓదార్చాలనిపించలేదు. "ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"రాతపూర్వకంగా ఒప్పిస్తాను. ఆయన తప్పు లేదని, పెట్టెదే తప్పని, కంపెనీ చేతే చెప్పిస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

చెప్పినట్టే ఒంటికాలి మీద లేచింది. ఇప్పటి మేనేజరు మర్యాదస్థుడు, మేడం అనకుండా మాట్లాడడు. అంతా విని, "వార్నింగే కదా మేడం, ఎర్రర్ కాదుగా" అన్నాడు. అత్త కుర్చీలోంచి లేచి నిలబడితే వెంటనే సర్దుకున్నాడు. బయట పనిచేస్తున్న పెట్టెలన్నిటికీ సరిచేసిన ప్రోగ్రాము పంపించాలని అత్త పట్టుబట్టింది, దానికి ఒప్పుకున్నాడు. అంతవరకు ఆవిడ గెలిచింది. సవరణ ఎందుకు చేశామో రాయాల్సిన చోట అత్త జరిగిందంతా రాస్తే, మేనేజరు దాన్ని కొట్టేసి "కొత్త కంపైలర్‌కు అనుగుణంగా చిన్న మార్పు" అని రాశాడు.

"అక్కడ ఒక మనిషి బతుకుందండీ" అందిట అత్త.

"నాకు అర్థమవుతుంది మేడం. కానీ అడగని ప్రశ్నకు కంపెనీ జవాబు చెప్పదు. ఆ ఆపరేటర్ స్వయంగా వచ్చి, నేను నొక్కలేదు, మళ్లీ చూడండి అని అడిగితే, అప్పుడు మేం చెప్పక తప్పదు."

అది తప్పించుకోవడానికి అన్న మాటే అయినా, అత్తకు దారి దొరికినట్టయింది. నాన్న ఒక్కమాట అడిగితే చాలు. తనకు బాగా తెలిసిన మాట, ఏళ్ల తరబడి అందరి ముందూ అన్న మాట. ఆదివారం మధ్యాహ్నం అత్త మా ఇంటికొచ్చింది. ఈసారి స్వీట్లు తేలేదు.

నాన్న భోజనం చేసి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అత్త వంటగదిలోంచి ఒక డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇందులో ఏముంది అన్నయ్యా?"

"మూత తీస్తేగా తెలిసేది."

"తీయకుండా చెప్పమంటే?"

"ఎలా చెప్తాం? ఉందో లేదో."

"ఆ ప్రెస్సు మూత తీయకుండానే ఉందనుకుంది అన్నయ్యా" అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పింది. కంపైలర్ సంగతి, వార్నింగ్ సంగతి, తాను రాసిన ఆదేశం సంగతి. ఏదీ దాచలేదు. దాని కింద తన సంతకమే ఉందని కూడా చెప్పింది. అమ్మ చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాన్న యంత్రాల మనిషి. మధ్యలో ఒక్క ప్రశ్నే అడిగాడు. "నాబ్ మధ్యలో ఉన్నప్పుడేనా?"

"అప్పుడే. అప్పుడు మాత్రమే."

నాన్న తన కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్లు నాబ్ పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి, మెల్లగా తిరిగాయి. ఆ తర్వాత బల్ల కింద ఉన్న తన కాలి వైపు చూశాడు. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. ఆ పెట్టె గోడ మీద ఉండేది, పెడల్ ప్రెస్సు ముందు ఉండేది. నాబ్ దగ్గర నిలబడ్డ మనిషికి పెడల్ అందదు. ఆ సంగతి నాన్నకు ఆ క్షణంలో తట్టింది. నేను ప్రమాణం చేసి చెబుతాను, తట్టింది. గోడ మీది గడియారం చూశాడు, చొక్కా సర్దుకున్నాడు.

"లేదమ్మా, నేనే నొక్కాను" అన్నాడు.

"అన్నయ్యా, నేను కళ్లారా చూశాను, పెడల్ దగ్గర ఎవరూ లేకుండా..."

"పెడల్ మీద నూనె ఉంది. చెప్పు జారింది. కాలు పడింది. నాకు బాగా గుర్తుంది."

నూనె సంగతి ఇంతకు ముందెప్పుడూ ఆయన నోట వినలేదు. అత్త ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. "ఒక్క మాట అన్నయ్యా. నొక్కలేదని ఒక్క మాట అడుగు చాలు. నీ పేరు మీద మచ్చ పోతుంది. నేను సాక్ష్యం చెబుతాను. వాళ్లు ఒప్పుకోక తప్పదు."

"ఒప్పుకుని?"

అత్త ఆయన కాళ్లు పట్టుకోబోతే నాన్న వెనక్కి లాక్కున్నాడు.

"బావ దగ్గరికెళ్లి ఏం చెప్పమంటావు? అప్పుడు నొక్కానన్నది అబద్ధం అని చెప్పనా? వాడు నన్ను క్షమించి ఇంట్లోకి పిలిచాడు. దాన్ని వెనక్కిచ్చి రమ్మంటావా?" నాన్న గొంతు ఎప్పుడూ లేనంతగా పెరిగింది. "నొక్కలేదంటే నమ్మలేదు నువ్వు. నొక్కానంటే ఇప్పుడూ నమ్మవు. నా మాట నీకెప్పుడు నమ్మబుద్ధవుతుంది తల్లీ?"

అమ్మ గరిటె సింక్‌లో పడేసింది. ఆ చప్పుడుకు అందరం ఉలిక్కిపడ్డాం. నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇంకా షట్టర్ దించే వేళ కాలేదని అమ్మ అన్నా వినిపించుకోలేదు. అత్త లేచి ఆయన వెంట నడిచింది. ఆవిడ ఊరుకుంటుందని నాకు నమ్మకం లేక నేనూ వెళ్లాను. నాన్న చెప్పకపోతే బావకు తానే చెబుతుందని ఆవిడ నడకలోనే తెలుస్తోంది. నిజం చెప్పాలంటే, చెప్పేస్తే బాగుండునని నాకు గంపెడాశగా ఉంది. బల్బుల షాపుకు షట్టర్ ఎత్తే మనిషి కూతురిగా ఇన్నాళ్లు బతికాను, ఇక చాలనిపించింది.

బావ లోపల బల్బులు సర్దుతున్నాడు. అత్తను చూసి, రెండువేళ్ల చెయ్యి ఎత్తి నవ్వాడు. "ఏంటమ్మా, చాలా రోజులకి కనబడ్డావు. ఏదైనా విశేషమా?"

నాన్న అత్త వైపు చూశాడు. ఆ చూపు నేను చూడకుండా ఉండాల్సింది. అంత పెద్ద మనిషి అలా బతిమాలడం ఎవరూ చూడకూడదు. అత్త నోరు తెరిచింది. మాట పెదవుల దాకా వచ్చింది, నాకు కనబడుతూనే ఉంది.

"ఏం లేదండీ, ఊరికే వచ్చాను" అంది.

"అంతా బాగున్నారుగా?"

"బాగున్నాం. ఏ ఇబ్బందీ లేదు."

నాకు అరవాలనిపించింది. మళ్లీ అదే పని చేసింది. తెర మీద మళ్లీ రెండు సున్నాలు. ఈసారి పొరపాటున కాదు, అంతా తెలిసే.

షాపు కట్టేసే వేళయ్యాక బావ దీపాలార్పి బయటికొచ్చాడు. నాన్న పైకి చెయ్యి వేసి షట్టర్ పట్టుకున్నాడు. అత్త పరుగున వెళ్లి రెండో వైపు పట్టుకుంది. "నువ్వు వదిలెయ్, నీకు చేతకాదు" అన్నాడు నాన్న. ఆవిడ వదల్లేదు. ఇద్దరూ కలిసి లాగితే అది పెద్ద చప్పుడుతో సగందాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి నాన్న ఒక్కడే దించాడు.

ఆ షట్టర్ కింది అంచు నేలకు పూర్తిగా ఆనితే గానీ తాళం పడదు. బావ తాళం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నాన్న కుడికాలు ఎత్తి, అంచు మీద పెట్టి, గట్టిగా నొక్కాడు.